మళ్లీ నిలబడుతున్నాం: మాజీ సైనికుల ప్రణాళిక

మేం ఈ నియోజకవర్గంలోని మెట్ట మండలాల మాజీ సైనికులం. సిపాయిగా రిటైరై వచ్చినవాళ్లు మాలో ఎక్కువ. హవల్దార్లు, సుబేదార్లు కొందరు. సరిహద్దులో భర్తను పోగొట్టుకుని ఒంటిచేత్తో పిల్లల్ని పెంచిన ఆడవాళ్లూ మాలో ఉన్నారు. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో మా సుబేదార్ గారిని మళ్లీ ఇండిపెండెంటుగా నిలబెడుతున్నాం. ఆయన ఇంతకు ముందు నిలబడ్డారు, ఓడిపోయారు, డిపాజిట్టు కూడా దక్కలేదు. ఇది ఊరూరా తెలిసిన సంగతే. ఇంకా ఎందుకయ్యా అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు, రచ్చబండ దగ్గరా అడుగుతున్నారు. వాళ్లకు మేం చెప్పే జవాబు ఈ ప్రణాళిక. గెలిచినా ఓడినా దీనికే కట్టుబడి ఉంటాం.

మొదటి మాట. మేం దేశానికి సేవ చేశాం కాబట్టి మాకు ఓటెయ్యండి అని ఒక్క గడపలో కూడా అడగం. సైన్యంలో చేసిన పనికి జీతం తీసుకున్నాం, ఇప్పుడు ఫించను తీసుకుంటున్నాం. ఆ లెక్క అక్కడికి సరిపోయింది. దాని మీద ఓటరు మాకు ఏమీ బాకీ లేడు. సియాచిన్ చలిలో కాపలా కాసినవాడికి నీళ్ల ట్యాంకు గురించి, ఆస్పత్రిలో డాక్టరు లేకపోవడం గురించి ఎక్కువ తెలుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. మా అభ్యర్థిని కూడా మిగతా అభ్యర్థులను అడిగినట్టే నిలదీసి అడగండి.

అందుకే ప్రచారంలో యూనిఫాం ఉండదు, మెడల్స్ ఉండవు. ఫ్లెక్సీ మీద తుపాకీ బొమ్మ, యుద్ధవిమానం బొమ్మ వేయం. అమరులైన మా ఊరి పిల్లల ఫొటోలు వేయం, వాళ్ల తల్లులను ప్రచార వేదిక ఎక్కించం. పార్టీలు తమ ప్రకటనల్లో సైనికుల ఫొటోలు వాడకూడదని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తు చేసింది. ఆ నియమాన్ని మాజీ సైనికులమే మొదట పాటించాలి. ఎదుటి అభ్యర్థిని దేశద్రోహి అనే మాట మా నోటినుంచి రాదు. దేశభక్తికి మేం గుత్తేదారులం కాము.

సర్వీసులో ఉన్న పిల్లల విషయంలో కూడా ఒక గీత గీసుకున్నాం. 1954 నాటి ఆర్మీ నియమాల ప్రకారం సర్వీసులో ఉన్నవాళ్లు రాజకీయ సభలకు వెళ్లకూడదు, పార్టీలో చేరకూడదు. వాళ్ల ఓటు మాత్రం వాళ్లకుంది. ఇప్పుడు ఆ బ్యాలెట్టు ఆన్‌లైన్‌లో యూనిట్‌కు వస్తుంది. దాన్ని ప్రింటు తీసి, ఓటు గుర్తుపెట్టి, పోస్టులో తిప్పి పంపుతారు. మా కొడుకులు, అల్లుళ్లు, మేనల్లుళ్లు ఆ బ్యాలెట్ల మీదే ఓటేస్తారు. వాళ్ల యూనిట్ల వాట్సాప్ గ్రూపుల్లో మా అభ్యర్థి పేరు పెట్టం. పాత ఆఫీసర్లకు ఫోను చేసి మనవాడికి వేయించండి అనం. మన సైన్యం రాజకీయాలకు దూరంగా ఉండబట్టే ఈ దేశంలో ఎన్నికలు నిలిచాయి. ఒక అసెంబ్లీ సీటు కోసం ఆ దూరాన్ని అంగుళమైనా తగ్గించే పని చేయం.

ఇక అసలు సంగతి. మాజీ సైనికుడు అసెంబ్లీకి ఎందుకు? రక్షణ కేంద్రం చేతిలో ఉంది. ఒకే ర్యాంకు ఒకే ఫించను కోసం 2015లో జంతర్ మంతర్ దగ్గర పెద్దవాళ్లు నెలల తరబడి కూర్చున్నారు. ఆ నవంబరులో ఉత్తర్వు వచ్చింది. దానిలో ఇంకా తేలాల్సినవి ఉంటే తేల్చాల్సింది పార్లమెంటు, సుప్రీంకోర్టు. ఎమ్మెల్యే కాదు. మమ్మల్ని గెలిపిస్తే మీ ఫించను పెంచుతాం అని ఏ మాజీ సైనికుడికైనా మేం చెప్తే అది అబద్ధం. మేం అసెంబ్లీకి వెళ్లాలనుకుంటున్నది సైన్యం గురించి మాట్లాడటానికి కాదు. పదిహేను, పదిహేడేళ్లు చేసి ఇంటికొచ్చిన సిపాయికి నలభై ఏళ్లు కూడా నిండవు. ఇంకో ముప్ఫై ఏళ్లు ఈ పల్లెలోనే బతకాలి. ఆ ముప్ఫై ఏళ్లలో అతనికి పడే పనులన్నీ తహసీల్దారు ఆఫీసు, కరెంటు ఆఫీసు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పిల్లల స్కూలు చుట్టూ తిరుగుతాయి. అవన్నీ రాష్ట్రానివి.

భూమినే తీసుకోండి. మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని పదేళ్లు దాటాక అమ్ముకోవచ్చని 1993లోనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. కాగితం మీద హక్కు ఉంది. రిజిస్ట్రేషన్‌కు వెళ్తే మాత్రం ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందంటారు. ఆ జాబితా నుంచి తీయించడానికి ఎన్‌ఓసీ తెమ్మంటారు. ఎన్‌ఓసీకి పెట్టిన ఫైలు ఒక టేబులు మీదినుంచి ఇంకో టేబులు మీదికి జరగడానికి ఏళ్లు పడుతుంది. మాలో ఒకాయన ఆ ఫైలు కదలకుండానే చనిపోయారు. ఆయన భార్య కూతురి పెళ్లికి వడ్డీకి అప్పు తెచ్చింది. సొంత భూమి పక్కనే ఉంది, అమ్మడానికి లేదు. ఇది మాజీ సైనికుల గోడు మాత్రమే అయితే ఇంత పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. అసైన్డ్ పట్టా ఉన్న ప్రతి దళిత కుటుంబం, ప్రతి పేద రైతు అదే జాబితా ముందు, అదే టేబుళ్ల ముందు నిలబడుతున్నారు. పొరపాటున ఆ జాబితాకెక్కిన సర్వే నంబర్లను గడువు పెట్టి తీయాలని, గడువు దాటితే ఎవరి దగ్గర ఆగిందో రాతపూర్వకంగా చెప్పాలని మా అభ్యర్థి సభలో అడుగుతారు. గెలవకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడుగుతారు, ఇప్పటికే అడుగుతున్నారు.

అగ్నివీరుల గురించి ఒక మాట. 2022 జూన్‌లో ఈ పథకం ప్రకటించారు. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నూటికి ఇరవై ఐదుగురిని ఉంచుకుని మిగతావాళ్లను ఇంటికి పంపడం. ఆ పిల్లలకు ఫించను లేదు, మాజీ సైనికుడన్న గుర్తింపూ లేదు. పథకం మంచిదా చెడ్డదా అన్నది ఢిల్లీలో తేలాలి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఊరికి తిరిగొచ్చే కుర్రవాడికి ఏం చూపిస్తాం అన్నది మాత్రం మన రాష్ట్రం తేల్చుకోవాలి. చదువు మధ్యలో ఆగినవాడికి డిగ్రీ పూర్తిచేసే దారి, డ్రైవింగు, మెకానిక్, ఎలక్ట్రీషియన్ పనుల్లో సైన్యంలో నేర్చుకున్నదానికి ఇక్కడ సర్టిఫికెట్టు. ఈ రెండూ రాష్ట్రం చేయగలిగినవే. లేకపోతే మాలో చాలామందిలాగే ఆ పిల్లలూ ఏటీఎం ముందు కుర్చీ వేసుకుని రాత్రంతా కూర్చుంటారు. ఆ కుర్చీ పని తక్కువదని మేం అనం. నాలుగేళ్లు ఆయుధం పట్టడం నేర్పిన పిల్లవాడికి ఈ రాష్ట్రం చూపించగలిగిన దారి అదొక్కటే అయితే మాత్రం మేం ఒప్పుకోం.

ఇప్పుడు డబ్బు. అసెంబ్లీ అభ్యర్థి నలభై లక్షల వరకు ఖర్చు చేయొచ్చని పరిమితి పెట్టారు. మా దగ్గర అందులో పదో వంతు కూడా లేదు, ఉన్నా పెట్టం. చందాలు తీసుకుంటాం, రసీదు ఇస్తాం. కాంట్రాక్టరు దగ్గర, రియల్ ఎస్టేటు వ్యాపారి దగ్గర తీసుకోం. ఓటుకు నోటు పంచం. ఇంకొకటి మేం ప్రత్యేకంగా రాసుకోవాలి. మాకు సీఎస్‌డీ క్యాంటీన్‌లో తక్కువ ధరకు మందు కోటా వస్తుంది. ఆ సీసాలు ఎన్నికల్లో ఎన్ని చేతులు మారతాయో ఊళ్లో అందరికీ తెలుసు. మా సంఘంలో ఎవరి కార్డు మీద వచ్చిన సీసా అయినా ప్రచారంలో కనిపిస్తే ఆ మనిషి మా సంఘంలో ఉండడు. అది మా సుబేదార్ గారి తమ్ముడి కార్డయినా సరే.

ఫలితం వచ్చిన ముప్ఫై రోజుల్లోపు ఖర్చుల లెక్క ఇవ్వాలని చట్టం. ఇవ్వకపోతే మూడేళ్ల వరకు పోటీకి అనర్హత. ఓడిపోయినవాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. మేం ఆ లెక్కను ఆఫీసులో ఇవ్వడమే కాదు, పంచాయతీ గోడ మీద కూడా అంటిస్తాం.

ఇండిపెండెంటు అంటే ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, మాకు పదిమంది సంతకం కావాలి. నామినేషన్లు ఉపసంహరించుకునే గడువు దాటాకే మాకు గుర్తు ఇస్తారు. అక్కడినుంచి పోలింగుకు రెండు వారాలే ఉన్నా ఉండొచ్చు. పార్టీ గుర్తు పిల్లాడికి కూడా నోటికి వస్తుంది. మాకు ఒకసారి కుట్టుమిషను, ఇంకోసారి గ్యాస్ సిలిండరు. పోయినసారి మమ్మల్ని మెచ్చుకున్న ముసలమ్మ ఈసారి పాత గుర్తు కోసమే వెతుక్కుంటుంది. పదివేల డిపాజిట్టు కట్టాలి, పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు పోతుంది. ఈ నియమాలు అన్యాయమని మేం అనడం లేదు. ఎవరు పడితే వాళ్లు నిలబడి బ్యాలెట్టును నింపేయకుండా కొంత అడ్డు ఉండాలి. అయితే ఈ అడ్డు దాటడానికి ఒక ఎన్నిక చాలదు. మేం మళ్లీ మళ్లీ నిలబడటానికి ఇదొక కారణం.

సైన్యంలో పేరున్నంత మాత్రాన ఓట్లు రావని చరిత్రలో ఉంది. మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప. ఆయన పదవి చేపట్టిన జనవరి 15నే ఏటా సైనిక దినోత్సవం జరుపుకుంటాం. అంతటివాడు 1971లో బొంబాయి నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. ఓటరు ఆయన్ను అవమానించలేదు. దండం వేరు, ఓటు వేరు అని చెప్పాడంతే. మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. వాయుసేనలో మిగ్ విమానాలు నడిపి వచ్చిన ఉత్తమ్ కుమార్ రెడ్డి 1994లో కోదాడలో ఓడారు. ఐదేళ్లు అక్కడే తిరిగి 1999లో గెలిచారు, తర్వాత కూడా గెలుస్తూ వచ్చారు. ఆయన పార్టీతో మాకు పనిలేదు, ఆయన వెనక పెద్ద పార్టీ ఉందన్నదీ మరిచిపోవడం లేదు. మాకు కావాల్సింది ఓటమికీ గెలుపుకూ మధ్యనున్న ఆ ఐదేళ్లు. మా అభ్యర్థిని కూడా మీరు ఆ మధ్య కాలంతోనే కొలవండి.

ఆ కాలంలో మేం చేస్తున్నదీ, చేయబోయేదీ చెప్తున్నాం. వారానికి ఒకరోజు మండల కేంద్రంలో కూర్చుంటాం. ఫించను ఆన్‌లైన్‌లోకి మారాక లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వలేక ఫించను ఆగిన పెద్దవాళ్లు వస్తారు, వాళ్ల పని చేస్తాం. వితంతు ఫించను రాని ఆమె వచ్చినా, ఉపాధి హామీ కూలి పడని ఆయన వచ్చినా అదే బల్ల దగ్గర అర్జీ రాసిపెడతాం. నీ కులమేంటి అని అడగం, మాకు ఓటేశావా అని అడగం. వాగు మీద వంతెన అన్న మాట ఈ నియోజకవర్గంలో ఎన్నికల వేదిక మీద మొదట పలికింది మా సుబేదార్ గారు. తర్వాతి ఎన్నికకు రెండు పెద్ద పార్టీలూ అదే మాట కరపత్రాల్లో వేసుకున్నాయి. వంతెన వాళ్లు కట్టినా మాకు సంతోషమే.

కులం గురించి దాచుకోకుండా చెప్పాలి. బ్యారక్‌లో పక్కపక్కన పడుకున్నవాళ్లం, ఒకే లంగరులో తిన్నవాళ్లం. ఊరికొచ్చాక మళ్లీ ఎవరి వీధిలోకి వాళ్లం వెళ్లాం. ఎన్నికలు రాగానే మాలో కొందరిని వాళ్ల కుల పెద్దలు పిలిచి నీకిదేం పని అన్నారు. ఈసారి మేం ఏ కుల సమావేశానికీ వెళ్లి మద్దతు అడగం. ఆ సమావేశాలు మమ్మల్ని పిలిచినా వెళ్లం. అడగాల్సింది ఏదైనా ఉంటే గ్రామసభలో, అందరి ముందూ అడుగుతాం.

మా సంఘంలో నిర్ణయాలు మగవాళ్లవే అయిపోతున్నాయని ఆడవాళ్లు పట్టుబట్టారు. వాళ్ల మాట న్యాయం. భర్త పదిహేనేళ్లు ఎక్కడో ఉంటే పొలం, పశువులు, అత్తమామలు, పిల్లల ఫీజులు చూసుకుంది వాళ్లే. ఈ మండలం ఎలా నడుస్తుందో మాకంటే వాళ్లకే బాగా తెలుసు. అందుకని ఎవరిని నిలబెట్టాలో తేల్చే సభలో సగం ఓట్లు వాళ్లవి. సుబేదార్ గారు ఈసారి తర్వాత తప్పుకుంటే, నిలబడే మనిషి సైన్యంలో పనిచేసిన మనిషే కావాలన్న షరతు కూడా తీసేశాం.

పార్టీల నుంచి కబురు వస్తుంది. వేదిక మీద ముందు వరసలో కుర్చీ, శాలువా, జాతీయ జెండా పక్కన ఫొటో. కొన్నిసార్లు ఉపసంహరణ గడువు ముందు రాత్రి ఒక సంచి. ఆ సంచి గురించి ఇక్కడే చెప్పేస్తున్నాం: నామినేషన్ వేసిన తర్వాత మా అభ్యర్థి ఎవరికోసమూ తప్పుకోరు. ప్రాణం మీదికొస్తే తప్ప పోలింగు దాకా పేరు ఉంటుంది. అలా ఉండకపోతే మాకు ఇంకెప్పుడూ ఓటేయకండి.

మాకు ఓటేస్తే వృథా అని మీకు చెప్తారు. గెలిచేవాడికే వేయాలన్నది నిజమైతే ఎన్నికలు పెట్టనక్కర్లేదు, బెట్టింగు చూసి ఎమ్మెల్యేను ప్రకటిస్తే సరిపోతుంది. మీకు నచ్చిన మనిషికి వేయండి. మా మనిషి నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో మా బల్ల దగ్గరికి వచ్చి చెప్పండి, వింటాం.

ఓటర్ల జాబితాలో మీ పేరు ఉందో లేదో ఈ వారంలోనే చూసుకోండి. సర్వీసులో ఉన్న పిల్లల పేర్లు సర్వీసు ఓటర్ల జాబితాలో ఉన్నాయో లేదో వాళ్లను కనుక్కోమనండి. నామినేషన్ రోజున మాకు పదిమంది సంతకాలు కావాలి, పదిమందీ ఈ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. అందులో ఐదుగురైనా సైన్యంతో ఏ సంబంధమూ లేనివాళ్లు కావాలని మా కోరిక. రైతులు, కూలీలు, టీచర్లు, ఆటో నడిపేవాళ్లు ఎవరైనా ముందుకు రండి.

— మెట్ట మండలాల మాజీ సైనికులు, వారి కుటుంబాలు