మేఘాద్రిగెడ్డ అడుగు బురదను పరీక్షించండి!

విశాఖ నగరవాసులకూ, పెందుర్తి, సబ్బవరం రైతులకూ విజ్ఞప్తి

మేఘాద్రిగెడ్డ నీటిమట్టం 61 అడుగులకు చేరితే పేపర్లో వార్త. అది మన తాగునీరు కాబట్టి రావలసిందే. ఆ నీటి కింద ఏం పేరుకుందో మాత్రం ఎవరూ అడగరు.

ఇళ్ల మురుగులోనూ, వాన పొలాల నుంచి కడిగి తెచ్చే మట్టిలోనూ భాస్వరం ఉంటుంది. రైతు డీఏపీ బస్తా కొనేది దాని కోసమే. నీళ్లలో పడితే అది నాచుకు మేత: ఒక కిలో భాస్వరం దాదాపు 500 కిలోల పచ్చి నాచును పెంచగలదు. చాలా భాగం అడుగుకు దిగి, బురదలోని ఇనుముకు అంటుకుంటుంది. ఎండలు ముదిరి అడుగున ప్రాణవాయువు తగ్గితే ఇనుము పట్టు వదిలేస్తుంది, భాస్వరం మళ్లీ నీళ్లలో కలుస్తుంది. అందుకే మురుగు మళ్లించిన తర్వాత కూడా చెరువులు ఏళ్ల తరబడి పచ్చగానే ఉంటాయి. స్వీడన్‌లోని ట్రుమెన్ సరస్సులోకి మురుగు ఆపింది 1950ల చివర్లో. అది తేరుకున్నది 1970, 71లలో పై బురదను తోడేశాకే.

పచ్చదనం ఒక్కటే అయితే ఈ కరపత్రం వేసేవాళ్లం కాదు. కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచు విషం కక్కుతుంది, నీళ్లు కాచినా అది పోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో ఈ కారణంగానే 4 లక్షల మందికి పైగా కుళాయి నీళ్లు తాగొద్దన్నారు.

చెరువు మట్టి పొలానికి తోలడం మన రైతులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. భాస్వరం ఎరువుకు కావలసిన ఫాస్ఫేట్ రాయి ఓడల్లో మన రేవుకే వస్తుంది, 1967 నుంచి ఇక్కడి కోరమాండల్ ఫ్యాక్టరీ ఎరువు తయారుచేస్తోంది. డాలర్లు పోసి తెచ్చుకునే సరుకును చెరువు అడుగున వదిలేస్తామా? కానీ ఇది ఫ్యాక్టరీల ఊరు. బురదలో సీసం, కాడ్మియం ఉంటే దాన్ని పొలంలో వేయకూడదు. కర్మాగారాల వ్యర్థాలు కలిసిన హుస్సేన్‌సాగర్ బురదను ఎక్కడ పోయాలన్నది హైదరాబాద్‌కు పెద్ద తలనొప్పి అయింది. కాబట్టి పొక్లెయిన్ల కన్నా ముందు పరీక్ష జరగాలి.

ముడసర్లోవ నీటిపై 2018లో 2 మెగావాట్ల సౌర పలకలు తేలించిన జీవీఎంసీకి అడుగు బురద తీసి చూడటం అసాధ్యం కాదు. గెడ్డలు కలిసే చోటా, కట్ట దగ్గరా, నడిమధ్యా లోతుగా నమూనాలు తీసి, భాస్వరం, భారలోహాల లెక్క తెలుగులో ప్రకటించాలి. ఈలోగా మురుగు రాకను ఆపాలి. అది ఆగకుండా పూడిక తీయడం దండగ. మట్టి మంచిదని తేలితే నీరు తగ్గిన వేసవిలో తీసి నేరుగా పొలాలకు పంపాలి. గట్టున పోస్తే మొదటి వానకే తిరిగి చెరువులోకి జారుతుంది. యంత్రాలు దిగలేని లోతుల్లో పటిక వాడొచ్చు, ప్రాణవాయువు లేకున్నా అది భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. మోతాదు తప్పితే చేపలు చస్తాయి గనుక ఆ పని నిపుణులకే వదలాలి.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. అందులో ఒక్క మాటే రాయండి: ఈ వేసవికి ముందు మేఘాద్రిగెడ్డ బురద పరీక్ష ఫలితాలు మా చేతికి ఇవ్వాలి.