తాటిమోడులో పాలపిట్ట

దసరా నాడు జమ్మికి మొక్కి, పాలపిట్టను కళ్లారా చూసి ఇల్లు చేరడం మన ఆనవాయితీ. వర్గల్ శంభుని గుట్ట మీది సరస్వతమ్మకు నవరాత్రులు జరిగే రోజులు కూడా అవే. తీగ మీద ముడుచుకుని కూర్చుంటే పాలపిట్ట మట్టిరంగు పిట్టే. కింద గట్టు మీద మిడత కదిలితే జారినట్టు దిగుతుంది. అప్పుడు రెక్కల్లో దాగిన నీలమంతా ఒక్కసారిగా విచ్చుకుంటుంది. పట్టిన మిడతను మళ్లీ తీగ మీదికి తెచ్చి, బాది మింగుతుంది. రైతుకు కూలి అడగని పనిమంతురాలు.

2014లో తెలంగాణ దీన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. తొమ్మిదేళ్లకు, 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదిక, సుమారు పన్నెండేళ్లలో పాలపిట్టలు 30 శాతానికి పైగా తగ్గాయని తేల్చింది. ముప్పు జాబితాలో దీని స్థానాన్ని మళ్లీ పరిశీలించాలని కూడా కోరింది. పాలపిట్టే కాదు, గడ్డిబీళ్లలో, బయలు భూముల్లో బతికే పిట్టలు చాలావాటికి ఇదే గతి పట్టిందని చెప్పింది.

దసరాకు పిట్టలను పట్టి, రెక్కలకు జిగురు పూసి, బోనుల్లో చూపించి డబ్బులడగడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దాన్ని కఠినంగా అడ్డుకోవాల్సిందే. అయితే బోను మనకు కనిపించే హింస. గూడు పోవడం ఎవరి కంటా పడదు.

పాలపిట్టకు తొర్ర తొలుచుకోవడం రాదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రో, పుచ్చిన చెట్టు బోలో దొరకాలి. తల విరిగిన తాటిమోడు దానికి ఇష్టమైన ఇల్లు. కల్లు పారని ఆ మోడు మన లెక్కలో దండగే కాబట్టి, ప్లాటు చదును చేసేటప్పుడు జేసీబీ మొదట దాన్నే తోస్తుంది. 2015లో మొదలైన హరితహారం మొక్కలు ఎంత ఏపుగా పెరిగినా, వాటిలో తొర్ర పడడానికి దశాబ్దాలు కావాలి. నాటడంతో పాటు ఉన్న మోడును ఉంచడమూ సంరక్షణే అని నా వాదన.

గూడు తర్వాత మేత సంగతి. వర్గల్ పక్క మండలం మర్కూక్‌లో 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ 2020 మేలో నీళ్లు చూసింది. ఎండిన బోర్ల గోస ఎరిగిన ఎవరూ ఆ నీళ్లను తప్పుపట్టరు, నేనూ పట్టను. కానీ నీళ్లొచ్చిన చోట చెల్కలు మడులవుతాయి, పడావు భూములు కరుగుతాయి, గట్లు సన్నబడతాయి, మందుల పిచికారీ పెరుగుతుంది. మిడతలు లేని గట్టు మీద పాలపిట్టకు ఏం పని?

అడవిలో పులికి ఫారెస్టు సిబ్బంది కాపలా ఉంటారు. చెల్కలో పిట్టకు ఎవరున్నారు? 2002 జీవవైవిధ్య చట్టం ఆ బాధ్యతను స్థానిక సంస్థకే ఇచ్చింది. జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఊళ్లోని జీవజాతులను రాసిపెట్టే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ అందుకే. 2020 జనవరి 31 లోగా పూర్తి చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టడంతో దేశమంతటా రిజిస్టర్లు హడావిడిగా తయారయ్యాయి. గ్రామసభలో ఆ రిజిస్టర్ తెరిచి బిగ్గరగా చదవమనండి. అందులో లేనిది ఊరివాళ్లే చెబుతారు. ఏ చెరువు కట్ట మీద ఎన్ని మోడులున్నాయో గీత కార్మికులకు, మేకల కాపరులకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? పక్కనే ములుగులో ఫారెస్టు కాలేజీ ఉంది. ఆ విద్యార్థులు ఈ గీత కార్మికుల, కాపరుల వెంట నడిస్తే తొర్రల పటం ఒక్క ఎండాకాలంలో సిద్ధమవుతుంది.

మార్చి నుంచి జూన్ దాకా పాలపిట్ట గుడ్లు పెట్టి పిల్లలను సాకే కాలం. కనీసం ఆ నాలుగు నెలలు ఎండిన తాడిని కూల్చవద్దని పంచాయతీ తీర్మానం చేయవచ్చు. దానికి పైనుంచి నిధులేమీ రానక్కర్లేదు.