ఎవరి చెవి వారిది

మొన్న మా అబ్బాయికీ, మా బావమరిదికీ వాగ్వాదం. తగవు 2003లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 650 హెడ్‌ఫోను గురించి.

"పాటకు ముసుగేసినట్టుంది, మామయ్యా!"

"ముసుగు కాదురా, కమ్మదనం!"

శ్రోతల్లో ఇది పాత తగవేనట. తీర్పు నన్నడిగారు. విన్నాను. ముసుగూ లేదు, కమ్మదనమూ లేదు. పాట పాటలాగే వుంది. "అంతా మీ భ్రమ!" అని తేల్చేశాను.

అబ్బాయి 15,000 హెర్ట్జుల ధ్వని పెట్టి, "వినబడుతోందా, నాన్నా?" అన్నాడు.

"ముందు మోగించు."

అప్పటికే మోగుతోందట! మా అమ్మాయి చెవులు మూసుకుంది.

మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జులదాకా అందుతాయి. వయస్సు మీదపడితే ముందు జారేవి పై మెట్లే. చెవిడొప్పల తీరూ మనిషికొక రకం. ఇక ఏకాభిప్రాయమెక్కడిది?

మర్నాడు క్లాసులో "చెవులున్నాయా మీకు?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.