కరవుకు నిలిచిన మూపురం

2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి 19.25 కోట్లు. 2012తో పోలిస్తే విదేశీ, సంకర జాతులు దాదాపు 27 శాతం పెరగ్గా, దేశవాళీ పశువులు 6 శాతం తగ్గాయి. ఈ మార్పుపై చర్చ సాధారణంగా పాల దిగుబడికీ సెంటిమెంట్‌కూ మధ్య నలుగుతుంటుంది. పురాతన ఎముకల్లో దొరికిన డీఎన్‌ఏ దీనికి మూడో కోణం జోడిస్తోంది.

మనుషులు పశువులను ఒకసారి కాదు, రెండుసార్లు విడివిడిగా మచ్చిక చేసుకున్నారు. మూపురం లేని జాతులు పదివేల ఏళ్లకు ముందే టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల ఎగువ ప్రాంతంలో పెంపుడు జంతువులయ్యాయి. మూపురం ఉన్నవి సుమారు 8 వేల ఏళ్ల క్రితం సింధు పరీవాహక ప్రాంతంలో మచ్చికయ్యాయి. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన ఎముకలు ఇందుకు ప్రధాన ఆధారం.

ఆ తర్వాతి మలుపును 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం బయటపెట్టింది. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ శాస్త్రవేత్తల నేతృత్వంలోని బృందం 67 ప్రాచీన పశువుల జన్యుక్రమాలను పరిశీలించింది. వేల ఏళ్లపాటు పశ్చిమాసియాలో మూపురం లేని పశువులే కనిపించాయి. సుమారు 4,200 ఏళ్ల క్రితం మాత్రం సింధు ప్రాంతపు జన్యువులు ఒక్కసారిగా అక్కడి మందల్లోకి చేరాయి. సుదీర్ఘ కరవు ఆ ప్రాంతాన్ని పట్టి పీడించిన కాలమది.

ఈ మార్పు వచ్చిన తీరు మరింత ఆసక్తికరం. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే సంక్రమిస్తుంది. సంకర పశువుల్లోనూ అది ఎక్కువగా పాత స్థానిక జాతిదే. అంటే ఆవులను మార్చలేదు, ఎద్దులను తెచ్చారు. ఎండకు, నీటి ఎద్దడికి తట్టుకునే సంతతి కోసం పశుపోషకులు కావాలనే ఈ పని చేసి ఉంటారని పరిశోధకుల అంచనా.

ఇదే ఎంపిక ఆధునిక కాలంలో బ్రెజిల్‌లోనూ జరిగింది. 19వ శతాబ్దం నుంచి అక్కడికి చేరిన ఒంగోలు పశువుల సంతతి నేడు 'నెలోర్' పేరుతో ఆ దేశ పశుసంపదకు వెన్నెముక. వేడి ప్రాంతాలు మూపురం వైపు మొగ్గిన ప్రతిసారీ కారణం ఒక్కటే.

నేడు భారత్‌లో జరుగుతున్నది దీనికి తలకిందులు. పద్ధతి పాతదే: స్థానిక ఆవు, బయటి ఎద్దు. ఇప్పుడు ఎద్దుకు బదులు జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యం వస్తోంది. పాడి రైతుకు పాలే ఆదాయం కాబట్టి ఆ లెక్కను తప్పుపట్టలేం. కానీ వేసవులు ముదురుతున్న కాలంలో శీతల దేశాల రక్తం పెరిగే కొద్దీ మేత, నీరు, నీడ, వైద్యం ఖర్చూ పెరుగుతుంది. ఆ భారం మోసేది రైతే.

దేశవాళీ జాతులు ఏం కోల్పోతున్నాయో కచ్చితంగా తేల్చాలంటే పూర్వపు జన్యువులతో పోల్చాలి. చిక్కంతా ఇక్కడే. వేడి, తేమ డీఎన్‌ఏను ఛిద్రం చేస్తాయి. రాఖీగఢీలో 60కి పైగా మానవ నమూనాలు పరీక్షిస్తే ఒక్కదాని నుంచే జన్యుక్రమం లభించింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బలో నవీన శిలాయుగపు పశువుల గిట్టల గుర్తులు సైతం దొరికాయి. దక్షిణాదిన పశుపోషణ ఎంత పాతదో చెప్పడానికి అవి చాలు. ఆ పశువుల జన్యువులు ఎలాంటివో చెప్పగలిగేది మాత్రం ఎముకలే.

అందుకే తవ్వకాల్లో దొరికే పశువుల ఎముకలను, ముఖ్యంగా డీఎన్‌ఏ ఎక్కువకాలం నిలిచే లోపలి చెవి ఎముకను, మొదటి రోజు నుంచే జాగ్రత్తగా భద్రపరచాలి. ఉన్న ఒంగోలు, పుంగనూరు మందలను స్వచ్ఛంగా కాపాడటం అంతకన్నా అత్యవసరం. మెసొపొటేమియా రైతుకు కరవు వచ్చినప్పుడు ఎద్దును తెచ్చుకోవడానికి సింధు తీరం ఉంది. ఆ తీరంలోనే మంద పలచబడితే వెతుక్కోవడానికి మరో చోటు ఉండదు.