అర్థశాస్త్రుల నమూనాలును, మన టమాటాయును

టమాటా ధర పెరిగినయెడల బ్యాంకువారు వడ్డీ యేల పెంచవలెనని మన్నెగూడ రైతొకరు మమ్ము నడిగిరి. ఏ శాస్త్రజ్ఞు నడిగితిమో దానినిబట్టి జవాబుండును.

సరకుకంటె రూపాయి యధికమైనపుడు ధరలు పెరుగునని, కావున రూపాయిని బిగింపవలెనని ద్రవ్యపరిమాణవాదు లందురు. 1911లో అమెరికావాడగు ఇర్వింగ్ ఫిషరు ఈ వాదమును లెక్కగా కూర్చెను. 1936లో ఇంగ్లండున కీన్సుగారు వేరొక త్రోవ చూపిరి. మిల్లులు మూతపడి కూలీలు ఊరక కూర్చున్నపుడు సర్కారు ఖర్చుపెట్టినచో, ఒకని ఖర్చు మరొకనికి రాబడియై పని పుట్టునని వారి మతము.

ఇది మన చేనికి సరిపడదని 1952లో వి.కె.ఆర్.వి. రావుగారు వ్రాసిరి. మిల్లుదారు గిరాకి చూచి రెండవ పాళీ నడపగలడు. గిరాకి యున్నదని వరి నెల ముందు పండునా? పైగా రాబడి హెచ్చిన రైతుకుటుంబము తన గింజలు తానే కొంత యెక్కువ తినును. (ఇన్నాళ్లు అర్ధాకలితో నున్నవారిని తప్పుపట్టుట యెట్లు?) అంగడికి సరకు పెరుగదు, ధర మాత్రము పెరుగును.

1956లో రెండవ ప్రణాళిక మహలనోబిసుగారి నమూనా ననుసరించి భారీ యంత్రములకు పెద్దపీట వేసెను. బొంబాయి విశ్వవిద్యాలయపు వకీలు, బ్రహ్మానంద గార్లు ఆ యేడే ఎదురు పలికిరి. కూలివాని తిండియు గుడ్డయు పెట్టుబడియే, అవి చాలనిచో పనులు సాగవనిరి. మాకీ మాటయే నేలకు దగ్గరగా తోచుచున్నది. ఇందు మా వృత్తిపక్షపాతము కొంత యుండవచ్చును.

2016 నుండి ధరల పెరుగుదలను నూటికి 4కు కట్టడిచేయు బాధ్యత చట్టముచే రిజర్వుబ్యాంకునకు వచ్చినది. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి లోపల రెపో వడ్డీ 4 నుండి 6.5కు పెరిగెను. పంటఋణముపై రాయితీ యుండుటచే రైతునకు వెంటనే తగులకపోయినను, ట్రాక్టరు ఋణముపై తగులును. రూపాయి విలువ పడిపోయిన కూలివాడే ముందు నలుగును, కావున ఆ కట్టడి వలదనము. కాని వడ్డీకి వాన కురియదు. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటగా దేశమంతయు గగ్గోలెత్తినది. ఆ నెల 20వ తేదీననే తెల్లబియ్యపు ఎగుమతి నాపిరి. సెప్టెంబరులో టమాటా ధర కూలినపుడు ఆ తొందర యేమైనది? తినువాని కుపశమనము పండించువాని లాభమునుండి మాత్రమే తీయు నమూనాను మే మొప్పము.

వచ్చు సభకు సభ్యులు తాము టమాటా అమ్మిన తేదీలు, దక్కిన ధర, చెల్లించిన వడ్డీ వ్రాసి తేవలెనని కోరుచున్నాము. శీతలగిడ్డంగి అర్జీకి ఆ లెక్కలు జతపరుపవలసియున్నవి.