రమ్మీకి మన ఊరి దారి తెలిసింది, బ్రిడ్జ్‌కి ఎవరు చూపిస్తారు?

ఆ మధ్య ఎమ్మిగనూరు బస్టాండులో ఒక పిల్లోడు నా పక్కన కూచున్నాడు. గుంటూరు మిరప కోతల నుంచి వాపసు వస్తుండాడు. మూడు నెలలు ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయి కూడబెట్టిన దుడ్లల్లో పదకొండు వేలు ఫోన్లో రమ్మీ ఆడి పోగొట్టినాడు. ఇంట్లో ఎట్ల చెప్పాలో తెలీక ఊరికి పోయే బస్సులు రెండు వదిలేసినాడు. "అన్నా, మొదట్లో వాళ్లే యాభై రూపాయలు ఊరికే ఇచ్చిరి" అన్నాడు.

చట్టం లేక కాదు ఇది జరిగింది. మన రాష్ట్రంలో దుడ్లు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2020 సెప్టెంబర్‌లోనే నిషేధించినారు. అయినా మనకి కర్ణాటక గడప దగ్గరే. లొకేషన్ మార్చి చూపే యాప్‌లు చేతిలోనే ఉండాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. దుడ్లు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట తెలివితో ఆడేదైనా, అదృష్టంతో ఆడేదైనా కూడదు అనింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్లకి రెండేళ్లు, యాభై లక్షలు. మంచిదే. కానీ నా ప్రశ్న వేరే. ఆ ఆట తీసేసినాక పిల్లోని చేతిలో ఫోన్ అట్లనే ఉండాది, ఖాళీ పొద్దూ అట్లనే ఉండాది. ఆ జాగాలోకి ఏమొస్తాది?

రొంత వెనక్కి పోదాం. 1967లో సుప్రీంకోర్టు రమ్మీ మీద ఒక తీర్పు ఇచ్చింది. ఆ కేసు పోయింది మన ఆంధ్రప్రదేశ్ నుంచే. రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తు పెట్టుకోవాల, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాల, కాబట్టి అందులో నేర్పు ఉండాది అనింది కోర్టు. ముక్కలు పంచేటప్పుడు వచ్చే అదృష్టం బ్రిడ్జ్‌లో ఉన్నట్లే రమ్మీలోనూ ఉంటాది అని పోల్చింది. పందెం పెట్టే ఆటలో నడిపేవాడు లాభం తింటే మాత్రం అది నేరం కావచ్చు అని కూడా అదే తీర్పులో ఉండాది. కంపెనీలు మొదటి మాటను పట్టుకొని ఊరూరా తిరిగినాయి, రెండో మాటను చెప్పలే.

పోల్చిన ఆ బ్రిడ్జ్ ఏమైందో మన ఊర్లల్లో ఎవరికీ తెలీదు. అందుకే చెప్తుండా.

నలుగురు ఆడతారు, ఇద్దరిద్దరు ఒక జత. యాభై రెండు ముక్కలు, తలా పదమూడు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక రౌండు. ఆటకి ముందు వేలం పాట మాదిరి పాడాల. "ఈ రంగు తురుపైతే మేం ఇన్ని రౌండ్లు గెలుస్తాం" అని. పాట దక్కించుకున్నవాని జతగాడు ముక్కలన్నీ బల్ల మీద పరిచేస్తాడు, అందరికీ కనపడతాయి. పోటీల్లో అవే ముక్కలు వేరే బల్లల మీద కూడా ఆడిస్తారు. నీకొచ్చిన చేతితో ఇంకొకడు ఏం చేసినాడో పోల్చి మార్కులేస్తారు. "నాకి ముక్కలు సరిగా పడలేదు" అనే సాకు పనికిరాదు. పందెం లేకుండానే ఆట రక్తి కడుతుంది.

2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఈ ఆట పెట్టినారు. మగవాళ్ల జంటల పోటీలో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ బంగారు పతకం తెచ్చినారు. ఒకాయనకి అరవై, ఇంకొకాయనకి యాభై ఆరు. మన టీవీల్లో ఒకపూట కనపడినారు, అంతే.

ఇంటర్నెట్‌లో ఈ ఆట కొత్తదేం కాదు. బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ 2001 నుంచి ఉండాది. మామూలు ఆటకి పైసా ఇవ్వక్కర్లే. 2020లో కరోనా వచ్చి అమెరికాలో క్లబ్బులు మూతపడినప్పుడు, అక్కడి బ్రిడ్జ్ సంఘం ఈ సైటుతో చేతులు కలిపింది. ఏ ఊరి క్లబ్బు ఆట ఆ క్లబ్బు పేరుతోనే ఆన్‌లైన్‌లో నడిచింది. ఆట ఉన్న సైటూ, మనుషులున్న క్లబ్బూ కలిసినాయి.

మనకి కావాల్సిందీ అట్లాంటి కలయికే. రమ్మీ మన దగ్గరికి ఎట్ల వచ్చిందో చూడు. తెలుగులో మాట్లాడింది. క్రికెట్ నడుమ వచ్చింది, యూట్యూబ్ వీడియోల్లో వచ్చింది, దోస్తు పంపిన లింకులో వచ్చింది. మనం ఉండే చోటికి అది నడిచి వచ్చింది. బ్రిడ్జేమో ఇంగ్లీషు గడప లోపలే కూచుంది. పదో తరగతి దాటని నేను లాక్‌డౌన్‌లో ఫోన్ పట్టుకొని నేర్చుకునేకి కూచుంటే, "డమ్మీ" అంటే ఆ పరిచిన ముక్కలని అర్థమయ్యేకే మూడు దినాలు పట్టింది. ఆట కష్టమై కాదు, చెప్పేవాళ్లు లేక.

పెద్ద ఖర్చు పనేం కాదు. తెలుగులో పది చిన్న పాఠాల వీడియోలు. ఇట్లాంటి వార్తా సైట్లల్లో వారానికొక బ్రిడ్జ్ లెక్క, దాని కింద ఉచితంగా ఆడే చోటికి లింకు. ఆదోని, ఎమ్మిగనూరు డిగ్రీ కాలేజీల సైట్లల్లో, గ్రంథాలయాల కంప్యూటర్లల్లో అదే లింకు. భారత బ్రిడ్జ్ సమాఖ్య ఒక తెలుగు మనిషిని పెట్టి ఆదోనికీ ఎమ్మిగనూరుకీ నడుమ నెలకొక ఆన్‌లైన్ పోటీ పెట్టియ్యాల. ఫీజు వద్దు, ప్రైజు డబ్బులూ వద్దు. ఇవన్నీ రాతపూర్వకంగా ఒప్పుకున్న సైటుతోనే చేతులు కలపాల. ల్యాకపోతే రేపు బ్రిడ్జ్ పేరు పెట్టుకొని ఇంకొక పందెం దుకాణం వస్తాది.

"పేకాటకి పేకాటేనా మందు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బ్రిడ్జ్ కూడా పొద్దు తింటాది. హద్దు పెట్టుకోకుంటే ఏ ఆటైనా చెడుపే. బ్రిడ్జ్ వస్తే సుగ్గి ఆగుతాదని కూడా నేను చెప్పను. సుగ్గి ఆగాలంటే చేన్లకి నీళ్లు రావాల, ఈడనే పని దొరకాల. ఆ కొట్లాట వేరే, అది ఆపేది లేదు. కానీ మూడు నెలల కష్టాన్ని ఒక్క రాత్రిలో మింగే ఆటకీ, ఓడిపోతే మార్కులు మాత్రమే పోయే ఆటకీ తేడా లేదంటే ఒప్పుకోను.

ఆ పిల్లోడు మూడో బస్సు ఎక్కినాడు. ఎక్కే ముందు ఫోన్లోంచి ఆ యాప్ తీసేసినాడు. "ఇప్పుడు రాత్రిపూట ఏం చేయాలన్నా?" అని అడిగినాడు. ఆ పొద్దు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఒకటి ఉండాది, తెలుగులో మాత్రం లేదు. ముందు ఆ పని చేద్దాం. మీలో రొంత ఇంగ్లీషు తెలిసి, వీడియో తీసేకి వచ్చినవాళ్లు ఒక జత కట్టండి. నేర్పేకి నేనొస్తా.