భూమిలో సంచరించమన్న పిలుపు ఎవరికి?

 

భూమిలో సంచరించి, అల్లాహ్ సృష్టిని ఏ విధంగా ఆరంభించాడో చూడాలని దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌కబూత్ సూరా పిలుపునిస్తున్నది. ఆ పిలుపు మొదట సత్యతిరస్కారులను ఉద్దేశించినదే అయినా, విశ్వాసులు దానిని వినీ విననట్లు ఉండజాలరు. ఆలి ఇమ్రాన్ సూరా చివరి భాగంలో, నిలుచున్నా కూర్చున్నా పడుకున్నా అల్లాహ్‌ను స్మరిస్తూ, భూమ్యాకాశాల సృష్టిని గురించి యోచించే బుద్ధిమంతుల ప్రస్తావన ఉంది. వారి వేడుకోలుకు ప్రభువు ఇచ్చిన సమాధానంలో, పురుషుడైనా స్త్రీ అయినా ఎవరి ఆచరణనూ తాను వృథా చేయనన్న వాగ్దానం ఉంది. కనుక సృష్టిని చూసి యోచించే భాగ్యం పురుషులకు మాత్రమే ప్రత్యేకించినది కాదు. ఈ మాట మన ఇళ్ళలో ఎంతవరకు అమలవుతున్నదన్నదే ఈ నెల మన ముందున్న ప్రశ్న.

కృష్ణా జిల్లా తీరాన్నే తీసుకుందాం. మచిలీపట్నం కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడలెక్కి ఎర్ర సముద్రం వైపు సాగిపోయేవారు. ఆ పట్టణం నుండి మంగినపూడి తీరం సుమారు 11 కిలోమీటర్లే. అయినా మా తరగతిలోని పిల్లలను, మీ అమ్మీ ఎప్పుడైనా సముద్రం ఒడ్డున ఒక గంటసేపు నడిచారా అని అడిగితే, లేచిన చేతులు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని. అబ్బా, అన్నలు మిత్రులతో వెళ్ళి వస్తారు. ఇంటి ఆడవారు పండుగ మరునాడు ఆటోలో వెళ్ళినా, గిన్నెలు విప్పి, వడ్డించి, గిన్నెలు సర్దుకొని తిరిగి వస్తారు. వంటగది ఒడ్డుకు మారిందే గాని, వారికి విరామం దొరకలేదు.

మహాప్రవక్త (సఅసం) ఆచరణ ఇలా లేదు. ప్రయాణంలో ఆయన హజ్రత్ ఆయిషా (రజి) గారితో పరుగుపందెం వేశారు. రాత్రివేళ ప్రయాణంలో ఆమెతో మాట్లాడుతూ సాగిన సంగతిని హదీసు గ్రంథాలు భద్రపరిచాయి. ఉమ్మత్ బాధ్యతను మోసిన మహనీయునికి లభించిన తీరిక మనకు లభించదా?

మంగినపూడి తీరంలో ఇసుకతోపాటు నల్లని బంకమట్టి కనిపిస్తుంది. నీరు చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది. అల వెనుదిరిగిన చోట చిన్న పీతలు తమ బొరియల చుట్టూ ఇసుకను గుండ్రని గుళికలుగా పేర్చి ఉంచుతాయి. కొంచెం ఎగువన ఊదారంగు పూలతో, మేక గిట్టను పోలిన ఆకులతో బాలబంది తీగ ఇసుకమీద పరుచుకొని ఉంటుంది. గాలికి ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఆ తీగయే. నదీముఖం వైపు వెళితే మడ చెట్లు ఎదురవుతాయి. తెల్లమడ వేళ్ళు గాలి కోసం బురదలోనుండి మేకుల వలె పైకి లేచి ఉంటాయి. ఒంట చేరిన ఉప్పును ఆ చెట్టు ఆకుల గుండా బయటకు పంపివేస్తుంది. ఇవన్నీ నడిచేవారికే కనిపిస్తాయి. బండి దిగి, ఫోటో తీసుకొని, బండి ఎక్కేవారికి కనిపించవు.

దివిసీమలో హంసలదీవి దాటి తీరం వెంట సాగితే కృష్ణానది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. ఒకటి తీపి, ఒకటి ఉప్పు. రెండు జలాలనూ ప్రవహింపజేసి వాటి మధ్య అడ్డు ఉంచిన శక్తిని ఖుర్ఆన్ గుర్తుచేస్తున్నది. రెండు సముద్రాలు కలిసే చోటును వెదుకుతూ హజ్రత్ మూసా (అలై) తన యువ సేవకునితో నడిచి, అలసి, ఆహారం అడిగిన సంగతిని కహఫ్ సూరాలో ప్రతి శుక్రవారం చదువుకుంటూనే ఉన్నాం. ఆ చోటు వేరు, ఈ చోటు వేరు. అయినా జ్ఞానం కోసం కాళ్ళు నొచ్చేదాకా నడవడం ప్రవక్తల మార్గమని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠశాల దొరకదు. అక్కడికి వెళ్ళేవారు అటవీశాఖవారి అనుమతి వేళలను ముందుగా తెలుసుకోవాలి.

ఆడవారిని తీసుకువెళితే నమాజు సంగతి ఏమిటని కొందరు అడుగుతారు. సముద్రపు నీరు శుద్ధిచేసేదని మహాప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు. కనుక వుజూకు ఆటంకం లేదు. భూమి అంతా నమాజుకు యోగ్యంగా చేయబడినది. శుభ్రమైన ఇసుక చాలు. అయితే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మన తూర్పు తీరంలో ఖిబ్లా భూభాగం వైపు, పడమటి దిక్కున ఉంటుంది. అందరూ ఒకేసారి నమాజుకు నిలిస్తే సముద్రం వీపు వెనుక ఉండిపోతుంది, పిల్లలు కూడా వీపు వెనుకే ఉండిపోతారు. కనుక రెండు జట్లుగా నమాజు చేయండి. ఒక జట్టు నిలిచినప్పుడు రెండవ జట్టు చూపు పిల్లలమీదనే ఉండాలి.

ఆకతాయిల వేధింపుల భయంతో ఆడవారిని తీసుకువెళ్ళడం లేదన్నది మరొక మాట. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే దానికి మూల్యం ఎవరు చెల్లించాలి? నూర్ సూరాలో చూపులను దించుకోవాలన్న ఆజ్ఞ మొదట విశ్వాసులైన పురుషులకు వచ్చింది, తరువాత స్త్రీలకు. దారి హక్కులను వివరించినప్పుడు మహాప్రవక్త (సఅసం) చూపు దించుకోవడాన్ని, బాధ కలిగించకుండా ఉండటాన్ని, సలాముకు జవాబివ్వడాన్ని, మంచిని ఆదేశించి చెడును వారించడాన్ని పేర్కొన్నారు. మన కుమారులకు ఈ హక్కులు నేర్పకుండా, మన కుమార్తెలను ఇంట్లో కూర్చోబెట్టడం సగం ధర్మాన్ని పాటించడమే అవుతుంది. పరదా నియమాలను పాటిస్తూ, మహ్రమ్ తోడుతో, రెండు మూడు కుటుంబాలు కలిసి వెళితే ఆ భయం కూడా చాలావరకు తీరుతుంది.

తీరం మనకు విహారస్థలం, పల్లెకారులకు జీవనస్థలం. ఆరవేసిన వలలను తొక్కరాదు. ఎండబెట్టిన చేపల మధ్యగా నడవరాదు. పలకరించి దారి అడగాలి. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ. తెచ్చిన ప్లాస్టిక్ సంచిని, బిర్యానీ పొట్లాన్ని తిరిగి ఇంటికి తీసుకువెళ్ళడం కూడా ఆ శాఖలోనిదే. జనవరి నుండి మార్చి వరకు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. వాటి జాడలు కనిపిస్తే పిల్లలను దూరంగా ఉంచండి.

సముద్రాన్ని చూసి ఆనందించేవారు దాని బలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 1864 తుపానులో బందరు ప్రాంతంలో సుమారు 30 వేలమంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కళ్ళారా చూసినవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. తుపాను హెచ్చరిక ఉన్న దినాన, చీకటి పడిన తరువాత ఒడ్డుకు వెళ్ళరాదు. అమావాస్య, పౌర్ణమి దినాలలో పోటు ఎక్కువగా ఉంటుంది. నీటిలోకి దిగే ముందు స్థానికుల మాట వినండి.

చలికాలంలో ఒక ఆదివారం, ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరండి. ఆ పూట వంట వద్దు. రొట్టెలు, ఖర్జూరాలు, ఒక ఫ్లాస్కు చాయ్ చాలు, వాటిని కూడా మగపిల్లలే సర్దాలి. దాదీ నడవగలిగినంత దూరమే అందరూ నడవండి. ఫోన్లు సంచిలో పెట్టండి. తిరిగివచ్చాక ప్రతి ఒక్కరూ తాము చూసిన ఒక్క వింతను చెప్పాలి, మొదటి మాట అమ్మీది కావాలి.

మన కళ్ళకు తన సూచనలను చూపించి, చూసిన దానిపై యోచించే మనసును అల్లాహ్ మనందరికీ, మన ఇళ్ళలోని స్త్రీలకూ ప్రసాదించుగాక! ఆమీన్.